ఇస్లాంకూ హింసకూ సంబంధం లేదనవచ్చా?

కోట కూడలి:
పేలుళ్లకు కుట్ర పన్నాడన్న ఆరోపణపై 2025 మేలో మన విజయనగరం యువకుడిని అరెస్టు చేసినప్పటి నుంచి ఊళ్లో ఇదే మాట. ఆ కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. అంతకు ముందు నెలలోనే పహల్గాంలో మతం అడిగి మరీ కాల్చి చంపారు. ప్రతిసారీ ‘ఉగ్రవాదానికి మతం లేదు’ అనేసి చేతులు దులుపుకోవడం నిజాయితీయేనా? చంపేవాడు దేవుడి పేరు చెప్పుకునే చంపుతున్నాడు కదా!

విశ్రాంత చరిత్ర మాస్టారు:
మతం లేదనడం తప్పించుకోవడమే, ఒప్పుకుంటాను. ఈ రోగం పాతది. 657లో సిఫ్ఫీన్ యుద్ధం దగ్గర అలీ పక్షం నుంచి విడిపోయిన ఖారిజీలు, తమతో ఏకీభవించని ముస్లిం అసలు ముస్లిమే కాడన్నారు. ప్రవక్త అల్లుడు, నాలుగో ఖలీఫా అయిన అలీనే 661లో కూఫా మసీదులో పొట్టన పెట్టుకున్నారు. ‘తీర్పు అల్లాదే’ అన్నది వాళ్ల నినాదం. 2014లో ఇరాక్‌లోని మైనారిటీ మతస్తులైన యజీదీలను ఊచకోత కోసిన ఐసిస్‌ది, అదే ఏడాది పెషావర్ బడిలో 130 మందికి పైగా పిల్లలను కాల్చేసిన పాకిస్తానీ తాలిబన్లది ఇదే వరస.

అలాగని పాత యుద్ధాలన్నీ మతం ఖాతాలో రాయకండి. 1757లో మన విజయనగరం రాజు విజయరామరాజు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులను వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లాడు. కోట నిలవదని తేలాక లోపలి స్త్రీలను, పిల్లలను సొంతవాళ్లే చంపుకున్నారు. ఇద్దరూ హిందూ రాజులే. అక్కడ తగాదా పరువుది, పెత్తనానిది.

బాబామెట్ట నివాసి:
మాస్టారూ, మీరు చెప్పిన ఆ వరసకు మొదట బలయ్యేది మాలాంటివాళ్లమే. మా ఖాదర్ బాబా దర్గా ఉరుసుకు వచ్చి చూడండి. విభూది రేఖలు దిద్దుకున్న పెద్దాయన, టోపీ పెట్టుకున్న కుర్రాడు ఒకే పంక్తిలో భోంచేస్తారు. ఇలాంటి దర్గాలోనే, పాకిస్తాన్‌లోని సెహ్వాన్‌లో, 2017 ఫిబ్రవరిలో ఐసిస్ ఆత్మాహుతి దాడికి 80 మందికి పైగా చనిపోయారు. పహల్గాం మృతుల్లో గుర్రాలు తోలుకుని బతికే కశ్మీరీ ముస్లిం కూడా ఉన్నాడు. అయినా అరెస్టు వార్త వచ్చిన మర్నాడు సంజాయిషీ అడిగింది నన్నే. నేనేం చేశానని?

కోట కూడలి:
మిమ్మల్ని అడగడం అన్యాయం అన్నయ్యా, అందులో రెండో మాట లేదు. కానీ ఇది ఖారిజీలతో ఆగిందా? దైవదూషణ చట్టాన్ని విమర్శించినందుకు పాకిస్తాన్‌లోని పంజాబ్ గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011లో సొంత అంగరక్షకుడే కాల్చి చంపాడు. హంతకుడి మీద లాయర్లు పూలు చల్లారు! వాళ్లు తుపాకీ పట్టినవాళ్లు కారు, చదువుకున్నవాళ్లు. ఇస్లాంను వదిలిన మగవాడికి మరణశిక్ష అని నాలుగు సున్నీ న్యాయ సంప్రదాయాలూ పాత గ్రంథాల్లో రాశాయి. దాన్ని ఎదుర్కోకుండా ‘శాంతి మతం’ అంటే నాకు సరిపోదు.

బాబామెట్ట నివాసి:
ఎదుర్కోవాల్సిందే. ‘మతంలో బలవంతం లేదు’ అని ఖురాన్ రెండో అధ్యాయమే చెబుతోంది (2:256). దాని వెలుగులో ఆ పాత శిక్షను తప్పనే ముస్లిం పండితులు ఈనాడు ఉన్నారు, నాదీ వాళ్ల దారే. తసీర్ ఎవరి కోసం మాట్లాడాడో ఆ క్రైస్తవ మహిళ ఆసియా బీబీని 2018లో దైవదూషణ కేసులో నిర్దోషిగా ప్రకటించిన ముగ్గురు న్యాయమూర్తులూ ముస్లింలే. తీర్పులో ప్రవక్త మాటలుగా చెప్పుకునే హదీసులనే ఉదహరించారు.

కోట కూడలి:
ఆ తీర్పు తర్వాత వీధుల్లో గొడవలు జరిగాయి. ఆమె కెనడా వెళ్లిపోవాల్సి వచ్చింది. చట్టం మాత్రం అలాగే ఉంది.