ఒక్క వచనం స్టేటస్ పెడితే వాక్యం పంచినట్టేనా?

గుణుపురం సోదరుడు:
అందరికీ వందనాలు. రోజూ పొద్దున్నే మా సంఘం వాట్సాప్ గ్రూపులో పూల బొమ్మ మీద ఒక వచనం వస్తుంది. అందరం ఆమెన్ కొడతాం, స్టేటస్ పెట్టుకుంటాం. ఇది వాక్యం పంచడం కాదని నా అభిప్రాయం. ఎక్కువగా తిరిగేది యిర్మీయా 29:11, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట. సీటు వచ్చినవాళ్లూ, పెళ్లి కుదిరినవాళ్లూ అదే పెడతారు. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా వెళ్లినవాళ్లకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని ముందు చెప్పి, 10వ వచనంలో 70 ఏళ్లయ్యాకే తిరిగి రావడం అంటాడు. ఆ ఉత్తరం విన్న ముసలివాళ్లు మళ్లీ యెరూషలేము చూసి ఉండరు. అయినా వాళ్లకది నిరీక్షణే. బొమ్మ మీద ఇదంతా ఎక్కడ పడుతుంది?

బరంపురం అక్క:
తమ్ముడూ, తప్పంతా ఫోన్ మీద వేయకు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకోవడం మన చిన్నప్పటి నుంచీ ఉంది. కొత్త ఏడాదికని ఆ కార్డు మీద ఉండేదీ ఒక్క వచనమే. మా పిల్లలది ఒడియా మీడియం. తెలుగు గడగడా మాట్లాడతారు గానీ, బైబిలు చేతికిస్తే అక్షరాలు రావు. వాళ్ల నాయనమ్మ రోజూ ఒక కీర్తన చదివి వాయిస్ మెసేజ్ పంపుతారు. మధ్యలో కుక్కర్ విజిల్ కూడా వినిపిస్తుంది. మొన్న మా చిన్నోడు "యెహోవా నా కాపరి" అని మొదలుపెట్టి 23వ కీర్తన చివరిదాకా చూడకుండా చెప్పాడు, 'లేమి' దగ్గర అచ్చం వాళ్ల నాయనమ్మలాగే ఆగి. ఫోన్ లేకపోతే వాడికి తెలుగు వాక్యం ఎలా అందేది?

పర్లాకిమిడి పాస్టరు:
నా బాధ వేరు. 2018లో వాట్సాప్ మన దేశంలో ఒకసారికి 5 చాట్‌లకే ఫార్వర్డ్ అని హద్దు పెట్టింది. అయినా "పదిమందికి పంపితే దీవెన, ఆపితే కీడు" అన్నవి ఆగలేదు. మా సంఘంలో ఒకామె డేటా అయిపోయి పంపలేక, కొడుక్కి ఏమవుతుందోనన్న టెన్షన్‌తో అర్ధరాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. దేవుని మాటతో ఎవరినీ బెదిరించకూడదు.

గుణుపురం సోదరుడు:
అయ్యగారూ, అలాంటివి గ్రూపులో కనబడగానే తీసేయాలి. అక్కా, కార్డు నేనూ ఏటా తీస్తాను. కానీ ఆ రాత్రి పాస్టరుగారు ఎదురుగా ఉంటారు, అర్థం కాకపోతే అడగొచ్చు. స్టేటస్ చూసి ఎవరినడుగుతాం? మీ అత్తగారు కీర్తన మొత్తం చదువుతున్నారు, నేను అడిగేదీ అదే. రేపు మా గ్రూపులో బొమ్మ బదులు యిర్మీయా 29 మొదటి నుంచి 14వ వచనం దాకా చదివి పెడతాను. ఆవిడ వాయిస్‌లు మా పిల్లలకూ పంపుతారా?