అమ్మానాన్నలతో మోహాంక్ మౌంటెన్ హౌస్: జూన్‌లోనా, అక్టోబరులోనా?

ఎడిసన్_వాసి
అందరికీ నమస్తే. అమ్మానాన్నలు మేలో వస్తున్నారు, అక్టోబరు ఆఖరుదాకా ఉంటారు. జూన్‌లో వాళ్ల పెళ్లయి నలభై ఏళ్లు నిండుతాయి. నయాగరా, వాషింగ్టన్ పోయినసారే చూపించేశాం. ఈసారి ఊళ్లు తిప్పకుండా ఒకేచోట రెండు రాత్రులు కుదురుగా ఉంచాలని ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో న్యూ పాల్ట్జ్ ఊరి దగ్గర కొండమీద సరస్సు ఒడ్డున ఉన్న మోహాంక్ మౌంటెన్ హౌస్ అనే పాత హోటల్ ఫొటోలు చూసినప్పటి నుంచి మనసంతా అక్కడే ఉంది. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. చెరువు కనిపిస్తే గట్టు చుట్టూ తిరిగి, తూము ఎక్కడుందో చూడనిదే కదలరు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇద్దరూ శాకాహారులే, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. మా బాబుకి ఎనిమిదేళ్లు.

రేటు చూస్తే మాత్రం కళ్లు తిరిగాయి. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. అంత పెట్టొచ్చా? పెడితే ఏ నెలలో వెళ్లాలి? అమ్మకి ఇబ్బంది అవుతుందా?

గోదారి_గట్టు
పెట్టొచ్చండి. కాకపోతే రేటుని మామూలు హోటల్ రేటుతో పోల్చకండి. సీజన్‌లో శని, ఆదివారాలకి ఇద్దరికి రాత్రికి వెయ్యి డాలర్లు దాటడం అక్కడ మామూలే. అందులో టిఫిను, మధ్యాహ్న భోజనం, నాలుగింటికి టీ బిస్కెట్లు, రాత్రి భోజనం అన్నీ కలిసి ఉంటాయి. పడవలు, సరస్సులో ఈత, లోపలి స్విమ్మింగ్ పూల్, కొండదారుల్లో గైడుతో నడక, రాత్రిపూట కార్యక్రమాలు, వీటిలో చాలావాటికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు. స్పా, గుర్రపు స్వారీ, మందు వేరే బిల్లు. పన్నులు, సర్వీసు ఛార్జీ కలిపి ఎంతవుతుందో మాత్రం ఫోన్ చేసి ముందే అడగండి. వెబ్‌సైట్‌లో మొదట కనిపించే అంకె చూసి బడ్జెట్ వేసుకుంటే చివర్లో తేడా వస్తుంది.

మా లెక్క వచ్చినరోజు రాత్రి భోజనంతో మొదలై, వెళ్లేరోజు మధ్యాహ్న భోజనంతో ముగిసింది. మీకూ అంతేనా అని బుకింగ్ అప్పుడే అడగండి. అలా అయితే రెండు రాత్రులకి దాదాపు మూడు పగళ్లు చేతికొస్తాయి. గది ఇచ్చేది సాయంత్రమే అయినా పొద్దున్నే వెళ్లి సామాను అప్పజెప్పి తోటలో, సరస్సు చుట్టూ తిరగొచ్చు. వెళ్లేరోజు కూడా గది ఖాళీ చేసి భోజనం దాకా హాయిగా ఉండొచ్చు. అసలు గిట్టుబాటు అక్కడే.

ఇంకోమాట. సెలవు దొరికితే మంగళ, బుధవారాలు పెట్టుకోండి. ధర తగ్గుతుంది, డైనింగ్ హాల్లో కిటికీ పక్కన టేబుల్ అడిగితే దొరికే అవకాశమూ ఎక్కువ. సరస్సు వైపు వసారాలో వరసగా ఊగే కుర్చీలుంటాయి. శనివారం వాటిమీద ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. మంగళవారం మీ నాన్నగారు ఒక కుర్చీ పట్టుకుంటే భోజనాల వేళ దాకా లేపేవాళ్లుండరు.

శ్రావణమేఘం
మీ అమ్మగారి సంగతి నేను చెప్తా, ఎందుకంటే మా అత్తగారిదీ అదే పరిస్థితి.

ఆ ఇల్లు ఒకేసారి కట్టింది కాదు. నలభై ఏళ్లపాటు ముక్కముక్కగా, ఒకవైపు చెక్క, ఒకవైపు రాయి, పెంచుకుంటూ పోయారు. చూడ్డానికి ఎంత అందమో మోకాళ్లకి అంత దూరం. రెండొందల యాభైకి పైగా గదులు, బారుగా సాగే నడవాలు, మధ్యమధ్య మలుపులు. లిఫ్టులున్నాయి, కానీ లిఫ్టు దిగాక గదిదాకా నడిచేది ఎక్కువ. అందుకని ఆన్‌లైన్‌లో కాకుండా ఫోన్‌లోనే బుక్ చేయండి. "లిఫ్టుకి దగ్గర్లో, డైనింగ్ హాలుకి మరీ దూరం కాకుండా, బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఉన్న గది" అని మూడూ విడివిడిగా చెప్పండి. పొడుగు బాత్‌టబ్ గోడ దాటడం పెద్దవాళ్లకి మెట్లకంటే కష్టం. షవర్ మాత్రమే ఉన్న గది దొరుకుతుందేమో కూడా అడగండి.

సరస్సు వైపు గదా, కొండల వైపు గదా అని చాలామంది తలలు బద్దలు కొట్టుకుంటారు. మా అత్తగారు రోజంతా వసారాలోనే ఉన్నారు, గదికి వచ్చింది పడుకోడానికే. రెండు గదులు తీసుకుంటారు కాబట్టి ఒకటి సరస్సు వైపు తీసుకుని అమ్మానాన్నలకివ్వండి. మీకు సాదా గది చాలు.

తిండి గురించి భయం వద్దు. "వెజిటేరియన్" అంటే వాళ్ల లెక్కలో గుడ్డు ఉంటుంది కాబట్టి గుడ్డు, చికెన్ రసంతో చేసిన సూప్, జెలటిన్ వేసిన తీపి ఏవీ వద్దని బుకింగ్ అప్పుడోసారి, మొదటిరోజు వడ్డించే అమ్మాయితో ఇంకోసారి చెప్పండి. మా టేబుల్ అమ్మాయి లోపలికెళ్లి కనుక్కొచ్చి, ఏ కేకులో గుడ్డు లేదో చూపించింది. పొద్దున బఫేలో పళ్లు, ఓట్స్, బ్రెడ్, పెరుగు ఉంటాయి, అవి చాలు. రాత్రికి మాత్రం కారం లేక పెద్దవాళ్ల నాలుక చప్పబడుతుంది. మేం కంది పొడి, నిమ్మకాయ ఊరగాయ చిన్న డబ్బాల్లో తీసుకెళ్లాం. ఉడికించిన బంగాళాదుంప మీద కంది పొడి, కాస్త వెన్న వేసుకుని మామయ్యగారు కమ్మగా తిన్నారు.

వరంగల్_పిల్లగాడు
అన్నా, అంత ఖర్చెందుకు? మేం న్యూ పాల్ట్జ్ ఊర్ల మామూలు హోటల్ల ఉన్నం. ఒకరోజు హోటల్ పక్కనున్న మోహాంక్ ప్రిజర్వ్ అడవి, ఇంకోరోజు మినెవాస్కా స్టేట్ పార్కు. ఆ మినెవాస్కా సరస్సు చుట్టు వెడల్పాటి బాట, తెల్లటి రాతి గుట్టలు, నీళ్లు అద్దం లెక్క. కారుకు ప్రవేశ రుసుం కడితే చాలు. మస్తుగుంటది. అదే కొండ, అవే చెట్లు, పదో వంతు ఖర్చు.

గోదారి_గట్టు
తమ్ముడూ, కుర్రాళ్లకి నువ్వు చెప్పిందే సరైన దారి, కాదనను. కానీ ఆయన తీసుకెళ్లేది మోకాళ్ల నొప్పులున్న తల్లిని. మినెవాస్కాలో నడవలేనివాళ్లకి చేసేదేముంది? కార్ల దగ్గర కూర్చోవాలి. ఇక్కడైతే నడిచేవాళ్లు నడుస్తారు, నడవలేనివాళ్లు పది అడుగుల దూరంలో సరస్సుని చూస్తూ టీ తాగుతారు, భోజనం వేళకి అందరూ ఒక టేబుల్ దగ్గరికి చేరతారు. ఆ డబ్బు పెట్టేది దానికే.

ఇంకోటి, ప్రిజర్వ్ వేరు, హోటల్ వేరు. ప్రిజర్వ్ సుమారు 8 వేల ఎకరాలు, దాన్ని నడిపేది లాభాపేక్ష లేని సంస్థ, టికెట్ వేరే. ఆ టికెట్‌తో హోటల్ లోపలికి రానివ్వరు. ఉండకుండా హోటల్ మాత్రం చూద్దామంటే భోజనానికో స్పాకో ముందే రిజర్వ్ చేసుకుని పగటి అతిథిగా వెళ్లాలి. వెళ్లి గేటు దగ్గర అడుగుదాంలే అనుకుంటే వారాంతాల్లో వెనక్కి పంపేస్తారు.

వరంగల్_పిల్లగాడు
అమ్మ సంగతి నిజమేనన్నా, ఒప్పుకుంట. అట్లయితే బాబుకు లాబిరింత్ మాత్రం మిస్ చేయొద్దు. సరస్సు పక్కన కొండరాళ్లు విరిగిపడి కుప్పలైనయ్, వాటి నడుమ నుంచి చెక్క నిచ్చెనలు వేసిన్రు. చేతులతోని పాకుకుంట, బండలు దాటుకుంట పోవాలె. ఆఖర్ల లెమన్ స్క్వీజ్ అని ఒక చీలిక వస్తది. సగం వరకు పోయినంక రెండు దిక్కులా రాయి భుజాలకు తగుల్తది. బ్యాగు వీపు మీద ఉంటే పట్టదు, తీసి చేత్తో పైకి అందియ్యాలె. నిచ్చెన మీదికెళ్లి పైకొస్తే ఒక్కసారే ఆకాశం, కిందంత సరస్సు, హోటల్ ఎర్ర కప్పులు. ఎనిమిదేండ్ల పోరగానికి పండుగే. కని పక్కన పెద్దోళ్లు ఒకరుండాలె, మంచి పట్టున్న బూట్లుండాలె. వాన పడ్డంక పోవద్దు, రాయి జారుతది. చలికాలం మూసేస్తరు.

పాత_కెమెరా
మీ నాన్నగారి కోసం కొన్ని సంగతులు రాస్తాను, ఆయనకి నచ్చుతాయి.

ఆ సరస్సు అర మైలు పొడవు, 60 అడుగుల దాకా లోతు. మంచుయుగపు హిమానీనదాలు చెక్కిన గుంత అది, మనిషి తవ్వింది కాదు. 1869లో ఆల్ఫ్రెడ్ స్మైలీ అనే స్కూలు మాస్టారు షికారుకొచ్చి చూసి, కవల సోదరుడు ఆల్బర్ట్‌కి కబురు పెట్టాడు. ఆల్బర్ట్ వచ్చి చూసి, చిన్న సత్రంతో సహా సుమారు 280 ఎకరాలు 28 వేల డాలర్లకి కొనేశాడు. మరుసటి ఏడు అతిథులకి తలుపులు తెరిచారు. ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది. వాళ్లు క్వేకర్లు, అంటే నిరాడంబరంగా బతకాలనే ఒక క్రైస్తవ శాఖవాళ్లు, అందుకే మొదట్లో మందు, పేకాట, డాన్సు మూడూ నిషేధం. పడవ, నడక, ప్రార్థన, కబుర్లు, ఇవే కాలక్షేపం. 1895 నుంచి 1916 దాకా దేశాల మధ్య గొడవలు యుద్ధం లేకుండా మధ్యవర్తిత్వంతో తేల్చుకోవాలని ఏటా ఇక్కడే సభలు జరిగాయి. పెద్ద హాల్లో కూర్చుంటే ఆ సభలు జరిగింది ఇక్కడే కదా అని నాకు ఒళ్లు జలదరించింది.

ఆల్ఫ్రెడ్ తర్వాత మినెవాస్కా సరస్సు ఒడ్డున సొంతంగా రెండు హోటళ్లు కట్టాడు, క్లిఫ్ హౌస్ 1879లో, వైల్డ్‌మియర్ 1887లో. రెండూ మూతపడ్డాక 1978లో ఒకటి, 1986లో ఇంకొకటి కాలిపోయాయి. అంతంత పెద్ద చెక్క భవనాల్లో ఆ కొండమీద మిగిలింది మోహాంక్ ఒక్కటే. ఆ 1986లోనే దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించారు.

ఇరిగేషన్‌లో చేసినాయనకి తప్పకుండా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. 1896 జనవరి 1 నుంచి అక్కడ రోజూ వాన, ఉష్ణోగ్రత లెక్క రాస్తున్నారు. అదే చోట, ఒక్క మనిషి తర్వాత ఇంకో మనిషి, నూట పాతికేళ్లకి పైగా. ఏ పువ్వు ఎప్పుడు పూసింది, ఏ పక్షి ఎప్పుడు తిరిగొచ్చింది అన్న నోట్సు కూడా ఉన్నాయి. ఈ ప్రాంతంలో వాతావరణం ఎలా మారిందో చెప్పడానికి శాస్త్రవేత్తలు ఆ లెక్కలే చూస్తున్నారు.

ఎడిసన్_వాసి
పాత_కెమెరా గారూ, చాలా థాంక్స్. పొద్దున నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. హోటల్ గురించి ఒక్క ప్రశ్న అడగలేదు, "రెయిన్ గేజ్ ఎక్కడ పెట్టారో చూపిస్తారా" అని మాత్రం అడిగారు. ఆయన సర్వీసులో పొద్దున్నే వాన లెక్క రాసి పైకి పంపడం దినచర్య.

మరి జూనా, అక్టోబరా?

శ్రావణమేఘం
పెళ్లిరోజు జూన్‌లో కదా, జూన్‌కే వెళ్లండి. ఆ నెలలో కొండంతా మౌంటెన్ లారెల్ పూస్తుంది, తెల్లగా, లేత గులాబీగా, బాట పక్కనే గుబుర్లు గుబుర్లుగా. తోటలో గులాబీలు కూడా అప్పుడే. అక్టోబరు రెండో వారం ఆకుల రంగులు అద్భుతమే, కానీ కొలంబస్ డే (అక్టోబరు రెండో సోమవారం సెలవు) వారాంతానికి న్యూ పాల్ట్జ్ మెయిన్ స్ట్రీట్ మీద కార్లు కదలవు. గదులూ నెలల ముందే అయిపోతాయి. పెద్దవాళ్లకి చలి కూడా మొదలైపోతుంది.

కొత్తపల్లి_కోడలు
మేం జనవరిలో వెళ్లాం. చాలా గదుల్లో నిజంగా కట్టెలు మండే పొయ్యి ఉంటుంది, సాయంత్రం అగ్గి రాజేసుకుని కూర్చుంటే బయట మంచు. పైకప్పు ఉన్న స్కేటింగ్ మైదానం, దాని పక్కనే పెద్ద నెగడు. మా గదిలో టీవీ లేదు, పిల్లలు రెండో రోజుకి ఆ మాటే మర్చిపోయారు. పెద్దవాళ్లతో అయితే జూనే మంచిది. మీరిద్దరూ, బాబూ ఇంకోసారి చలికాలంలో వెళ్లండి.

రాత్రి భోజనానికి దుస్తుల నియమం ఉంది, షార్ట్‌లు, చెప్పులు కుదరవు. మీ అమ్మగారు పట్టుచీర కట్టుకోవచ్చు, ఆ హాలుకి అదే తగినది. చెక్క స్తంభాలు, ఎత్తైన కప్పు, పొడుగు కిటికీలు. మా అమ్మ మంగళగిరి చీర కట్టుకుంటే పక్క టేబుల్ పెద్దావిడ వచ్చి అంచు పట్టుకుని చూసి, ఎవరు నేశారని అడిగింది.

గోదారి_గట్టు
జూనే ఖాయం చేసేయండి. దారి చెప్తాను. ఎడిసన్ నుంచి రెండు గంటల పైన. గార్డెన్ స్టేట్ పార్క్‌వే పట్టుకుని ఐ-87 హైవే ఎక్కితే ఎగ్జిట్ 18. ఊరు దాటి వాల్‌కిల్ నది మీద వంతెన దాటగానే కొండదారి మొదలు. మధ్యలో పొమోనాలో శ్రీరంగనాథస్వామి గుడి ఉంది, పొద్దున బయల్దేరితే పెళ్లిరోజు అర్చన అక్కడ చేయించుకుని వెళ్లొచ్చు. గుడి వేళలు ముందు చూసుకోండి.

నాన్నగారికి కొండమీది స్కై టాప్ అనే రాతి టవర్ కూడా చూపించండి. ఆల్బర్ట్ స్మైలీ జ్ఞాపకార్థం 1923లో పూర్తి చేశారు. కొండ తొలిచి రాయి తీసిన గుంతే ఇప్పుడు టవర్ పక్కన నీటి కుంట, రాయీ నీళ్లూ ఒక్క తవ్వకంతో సాధించారన్నమాట, ఆయనకది చూపించండి. ఆకాశం తేటగా ఉంటే పైనుంచి ఆరు రాష్ట్రాలు కనిపిస్తాయంటారు. దారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది కాబట్టి అరవై దాటినవాళ్లకి కూడా ఫర్వాలేదు. మధ్యమధ్య చెట్ల కొమ్మలతో కట్టిన గుడిసెల్లాంటి కూర్చునే పందిళ్లున్నాయి, కొండంతా కలిపి వందకి పైనే. ఆగుతూ ఆగుతూ ఎక్కేయొచ్చు.

ఎడిసన్_వాసి
ఇవాళ ఫోన్ చేశాను. జూన్ రెండో వారం, మంగళవారం చేరి గురువారం మధ్యాహ్నం బయల్దేరడం. రెండు గదులు, ఒకటి సరస్సు వైపు, లిఫ్టుకి దగ్గర, షవర్ ఉన్నది. గుడ్డు సంగతి రాసుకున్నారు. రెయిన్ గేజ్ గురించి అడిగితే ఆవిడ ఒక్క క్షణం ఆగి, గైడు నడకల్లో ప్రకృతి గురించి చెప్పేవాళ్లుంటారు, వాళ్లకి కబురు పెడతానంది.

ఒక్క సందేహం మిగిలింది. అమ్మని పడవ ఎక్కించొచ్చా? రేవు దగ్గర మెట్లున్నాయా?

శ్రావణమేఘం
రేవు నీటి మట్టానికే ఉంటుంది, కానీ కనూ, కయాక్ లాంటి సన్నటి పడవలు ఊగుతాయి, వద్దు. రెండువైపులా తెడ్లున్న వెడల్పు పడవ అడగండి, అది కుదురుగా ఉంటుంది. మా అత్తగారిని కుర్రాడొకడు ఇటుపక్క, మావారు అటుపక్క పట్టుకుని దింపారు. వెనక బెంచీ మీద మధ్యలో కూర్చోబెట్టండి, లైఫ్ జాకెట్ ముందే ఒడ్డున తొడిగించండి. పొద్దున టిఫిను కాగానే వెళ్లండి, గాలి లేవదు.