నేషనల్ లీగ్‌కి ఎక్కాం, ఇప్పుడు నిలబడలేకపోతున్నాం. మీరెలా నెట్టుకొచ్చారు?

బెల్లందూర్_గాఫర్:
మనమే మేనేజరై క్లబ్ నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 24 ఆడుతున్నా. నేషనల్ లీగ్ నార్త్‌లో ఓ చిన్న క్లబ్ తీసుకున్నా. ఇంగ్లండ్‌లో గేమ్ మామూలుగా ఇచ్చే డివిజన్లలో అదే అట్టడుగుది, పైనుంచి ఆరోది. ప్లేఆఫ్ ఫైనల్ పెనాల్టీల్లో గెలిచి అయిదో మెట్టయిన నేషనల్ లీగ్‌కి వచ్చాం. ఆ రోజు నేను అరిచిన అరుపుకి పీజీలో పక్క రూమ్ వాడు ఎవరికో ఏదో అయిందనుకుని తలుపు బాదాడు. ఇప్పుడు గేమ్‌లో అక్టోబర్, దిగిపోయే నాలుగు స్థానాల్లో ఉన్నాం. జీతాల బడ్జెట్ ఎప్పుడో దాటింది, బోర్డు పిలిచి క్లాస్ పీకుతోంది. పోయినేడు మమ్మల్ని మోసిన స్ట్రైకర్‌కి 33 ఏళ్ళు, పేస్ (పరుగు వేగం) 20కి 7. ఈ లెవెల్ డిఫెండర్ల ముందు వాడు పరిగెడుతుంటే చూడలేకపోతున్నా. జనవరిలోపు ఏం చేయొచ్చో చెప్పండి.

బెంచ్‌మీద_బాబు:
అన్నా, ముందు కాంట్రాక్టులు ఒక్కొక్కటీ తెరిచి కింద క్లాజులు చూడు. ప్రమోషన్ వస్తే జీతం ఇంత శాతం పెరగాలని ఏజెంట్లు మెల్లగా ఇరికిస్తారు. సగం మందికి అది ఉంటే పైకెక్కిన రోజే బడ్జెట్ గోవిందా. ఈసారి రెన్యువల్‌కి కూర్చున్నప్పుడు ఆ క్లాజు తీయించి, దాని బదులు మ్యాచ్ ఆడితేనే వచ్చే అప్పియరెన్స్ ఫీజు కాస్త పెంచు. బెంచ్ మీద కూర్చున్నవాడికి ఊరికే డబ్బు పోదు. దిగిపోతే జీతం తగ్గే క్లాజు కూడా అడుగు, చాలామంది పెద్దగా గొడవ లేకుండానే ఒప్పుకుంటారు.

కేఆర్‌పురం_కోచ్:
క్లాజులు సరే గానీ, ఇప్పుడున్న మంట ఆర్పేదెట్లా? గాఫర్ బ్రో, ఐర్లండ్ వైపు చూడు. వాళ్ళ లీగ్ ఫిబ్రవరి నుంచి నవంబర్ దాకా నడుస్తుంది, సీజన్ అయిపోయాక చాలామంది కాంట్రాక్టులు ముగిసి ఫ్రీగా దొరుకుతారు, సరిగ్గా నీకు జనవరికి పనికొస్తారు. పైగా 2021 జనవరి నుంచి యూరప్ ఆటగాళ్ళకి కూడా వర్క్ పర్మిట్ తప్పనిసరి అయింది కదా, ఐరిష్ పాస్‌పోర్ట్ ఉన్నవాడికి ఆ తలనొప్పి లేదు. ఈ డివిజన్‌లో ఉండి పోర్చుగల్‌లోనూ పోలండ్‌లోనూ వెతకడం టైమ్ దండగ, పర్మిట్ రాదు.

నేను చేసేదేంటంటే, పేరు కూడా వినని పదిమందిని ఒకేసారి ట్రయల్‌కి పిలుస్తా. ట్రయల్‌కి వస్తే అట్రిబ్యూట్ల (ఆటగాడి ఒక్కో నైపుణ్యానికి గేమ్ ఇచ్చే మార్కులు) మీద ఉన్న మసక తొలగిపోతుంది, స్కౌట్‌ని పంపే ఖర్చూ మిగులుతుంది. ఫ్రెండ్లీలో ఓ అరగంట ఆడించి చూస్తా. పేస్, యాక్సిలరేషన్, వర్క్ రేట్, డిటర్మినేషన్ బాగుంటే చాలు. పాసింగ్ 8 ఉన్నా నాకు పట్టదు, అసలు ఈ మెట్టు మీద పాసింగ్ ఎవడికుంది? డిఫెండర్లకైతే ముందు జంపింగ్ రీచ్ (ఎగిరితే ఎంత ఎత్తు అందుకుంటాడో) చూడు, మిగతావి తర్వాత. ఇంకోటి, జూలై 1 రాగానే పెద్ద క్లబ్బుల అకాడమీలు వదిలేసిన 18, 19 ఏళ్ళ కుర్రాళ్ళు లిస్టులో బారులు తీరి ఉంటారు. ఆ వారం వీకెండ్ ప్లాన్లేవీ పెట్టుకోవద్దు.

సిల్క్‌బోర్డ్_సర్వైవర్:
ఇంత కష్టం ఎందుకు గురూ, పెద్ద క్లబ్బుల కుర్రాళ్ళని ఓ సీజన్‌కి లోన్ మీద తెచ్చుకో. జీతంలో మన వాటా సున్నా అని పెట్టినా కుర్రాడికి ఆట దొరికితే చాలని పై క్లబ్బులు ఇచ్చేస్తాయి. బోర్డుని అడిగి ఓ సీనియర్ అఫిలియేట్‌ని, అంటే మనతో ఒప్పందం ఉన్న పెద్ద క్లబ్‌ని కూడా పెట్టించుకుంటే ఇంకా ఈజీ. నేను ఆఫీస్ బస్సులో కూర్చుని సిల్క్ బోర్డ్ సిగ్నల్ దాటేలోపు సగం టీమ్ తయారు చేశా.

బెంచ్‌మీద_బాబు:
సిల్క్‌బోర్డ్ అన్నా, నీ లెక్కలో మే నెల లేదు. సీజన్ అయిపోగానే అందరూ సామాన్లు సర్దుకుని పోతారు, వాళ్ళని అమ్మి పైసా సంపాదించలేం. ఒక్క మ్యాచ్‌కి లోన్ ఆటగాళ్ళు ఇంతమందే అని పరిమితి కూడా ఉంది. సొంత కుర్రాణ్ణి పెంచి అమ్మితే వచ్చే డబ్బే ఈ డివిజన్లలో అన్నం పెడుతుంది. స్ట్రైకర్ జేమీ వార్డీని ఫ్లీట్‌వుడ్ క్లబ్ నాన్‌లీగ్‌లో (పై నాలుగు డివిజన్లకి కింద) పట్టుకుని 2012లో పది లక్షల పౌండ్లకి లెస్టర్ క్లబ్‌కి అమ్మింది. అమ్మేటప్పుడు తర్వాతి అమ్మకంలో వాటా మాత్రం మర్చిపోవద్దు.

విశాఖ_వింగర్:
కొంచెం టాపిక్ మారుస్తున్నా, తిట్టకండి. ఇంగ్లండ్ బోర్ కొడితే మన ఐ-లీగ్‌లో శ్రీనిధి డెక్కన్ తీసుకోండి. మన వైజాగ్‌లో పుట్టి హైదరాబాద్‌కి వెళ్ళిన క్లబ్. నిజంగానే 2022-23, 2023-24 రెండు సీజన్లూ రెండో స్థానం. గెలిచిన పంజాబ్, మొహమ్మడన్ పై లీగ్ ఐఎస్ఎల్‌కి వెళ్ళాయి, మనవాళ్ళకి మాత్రం ఒక్క అడుగు తక్కువైంది. ఆ కసి తీర్చుకోవడానికే నేను గేమ్‌లో ఆ క్లబ్‌తో సేవ్ మొదలుపెట్టా. పైకెక్కి కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీని ఓడించిన రోజు మా కన్నడ రూమ్మేట్ నాతో మాట్లాడలేదు, వాడు నిజం మ్యాచ్‌లకి వాళ్ళ వీరాభిమానుల వెస్ట్ బ్లాక్‌లో నిలబడే మనిషి.

సిల్క్‌బోర్డ్_సర్వైవర్:
😂 సరే, ఇంగ్లండ్‌కి వద్దాం. రెక్స్‌హామ్ క్లబ్ 2023 నుంచి వరసగా మూడు ప్రమోషన్లు కొట్టలేదా? దూకుడుగా ఖర్చు పెడితే అవుతుంది.

కేఆర్‌పురం_కోచ్:
వాళ్ళ ఓనర్లు హాలీవుడ్ వాళ్ళు. నీ ఛైర్మన్ ఎవరు? లూటన్ క్లబ్‌ని చూడు, 2009లో ఫుట్‌బాల్ లీగ్ (పై నాలుగు డివిజన్లు) నుంచే పడిపోయి, 2014లో తిరిగొచ్చి, 2023లో ప్రీమియర్ లీగ్ ఎక్కింది. కింద అయిదేళ్ళు ఇరుక్కుపోయింది కూడా. గేమ్‌లోనూ ఓ సీజన్ 15వ స్థానంలో ముగిస్తే కొంపేం మునగదు, ఆ ఏడాది బోర్డుని బతిమాలి ట్రైనింగ్ గ్రౌండ్ బాగు చేయించుకో, కుదిరితే క్లబ్‌ని ఫుల్‌టైమ్ చేయించు. పార్ట్‌టైమ్ వాళ్ళకి వారంలో ట్రైనింగే తక్కువ, ఎదగమంటే ఎక్కడ ఎదుగుతారు?

గాఫర్, నీ టాక్టిక్ ఏంటో చెప్పలేదు. బంతి పోగానే అందరూ మీదపడి లాక్కునే గెగెన్‌ప్రెస్ కాదు కదా?

బెల్లందూర్_గాఫర్:
అదే. 4-2-3-1, కీపర్ నుంచి చిన్న పాస్‌లతో బిల్డప్. పోయినేడు బ్రహ్మాండంగా పనిచేసింది మరి.

కేఆర్‌పురం_కోచ్:
పోయినేడు అవతలివాళ్ళు కూడా నీలాంటి పార్ట్‌టైమ్ వాళ్ళే. ఇక్కడ చాలా క్లబ్బులు ఫుల్‌టైమ్, నీ వాళ్ళు 65వ నిమిషానికే నాలుక బయటపెడతారు, శనివారం ఆడి మంగళవారం మళ్ళీ ఆడితే ఇంక చెప్పక్కర్లేదు. నువ్వు తిన్న గోల్స్‌లో ఎన్ని చివరి 20 నిమిషాల్లో పడ్డాయో చూసుకో.

బెల్లందూర్_గాఫర్:
ఇప్పుడే చూశా. సగం పైనే 😭

కేఆర్‌పురం_కోచ్:
ప్రెస్ ఒక మెట్టు తగ్గించు, 4-4-2కి మారు, వెనక నుంచి ఆడటం ఆపి నేరుగా ముందుకి కొట్టించు. ఆ ముసలి స్ట్రైకర్‌ని ఇంకా పంపేయకు. హెడింగ్ బాగుంటే టార్గెట్ మ్యాన్‌గా (పొడుగు బంతులు అందుకునేవాడిగా) నిలబెట్టి, పక్కన పరిగెత్తే కుర్రాణ్ణి పెట్టు. లాంగ్ త్రో (చేత్తో దూరంగా విసిరే త్రో-ఇన్) 14 పైన ఉన్న ఫుల్‌బ్యాక్ ఉన్నాడా?

బెల్లందూర్_గాఫర్:
లెఫ్ట్‌బ్యాక్‌కి 16 ఉంది! ఇన్నాళ్ళూ ఆ కాలమ్ వైపే చూడలేదు.

బెంచ్‌మీద_బాబు:
ఇంకేం, ప్రతి త్రో బాక్స్‌లోకి వేయించు, ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లనీ ముందుకి పంపు. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, పాయింట్లు మాత్రం వస్తాయి. స్క్వాడ్ స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టు అన్నా, నాకెందుకో నీ గోల్‌కీపర్ మీద డౌట్‌గా ఉంది.