వంటల పోటీకి క్రీడాకారులను అతిథిగా పిలిస్తే ఏం మాట్లాడమని అడగాలి?

ఎంవీపీ గృహిణి:

నమస్కారం అండీ. మాది విశాఖలో ఎంవీపీ కాలనీ. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లం కలిసి జనవరిలో వంటల పోటీ పెడుతున్నాం. పోటీకి ఎంట్రీ ఫీజు, భోజనానికి టోకెన్లు, ఆ పైన ఎవరైనా ఇస్తే విరాళాలు. వచ్చిన డబ్బంతా సాయంత్రాలు గ్రౌండ్‌లో పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలకు గుడ్డు, పాలు, అరటిపండు ఇవ్వడానికి. నలభై మంది దాకా ఉంటారు. వాచ్‌మన్ల పిల్లలు, ఫిషింగ్ హార్బర్‌లో పనిచేసేవాళ్ల పిల్లలే ఎక్కువ. మధ్యాహ్నం బడిలో తిన్న భోజనంతోనే చీకటి పడేదాకా పరిగెడతారు. మా అబ్బాయిని దింపడానికి వెళ్లినప్పుడల్లా చూస్తున్నాను, మనసు ఊరుకోవడం లేదు.

ఇప్పుడు చిక్కంతా ముఖ్య అతిథి దగ్గర వచ్చింది. కమిటీలో సగం మంది క్రికెటర్ కావాలంటున్నారు. ఒక ఈవెంట్ మేనేజర్‌ని అడిగితే చెప్పిన ఫీజు విని నాకు నోట మాట రాలేదు. మిగతావాళ్లం మన వైపు పిల్లలెవరైనా, హర్డిల్స్ పరుగుల జ్యోతి యర్రాజీలా ఇక్కడి వీధుల్లోంచి పైకి వచ్చినవాళ్లు వస్తే బాగుంటుందని అంటున్నాం. అసలు సేవా కార్యక్రమానికి ఫీజు ఇచ్చి పిలవడం న్యాయమేనా? వచ్చినవాళ్లను ఎంతసేపు, దేని గురించి మాట్లాడమని అడగాలి? జడ్జిగా కూడా వాళ్లనే కూర్చోబెట్టొచ్చా? ఇలాంటివి చేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి, ప్లీజ్. కమిటీ మీటింగ్ దగ్గరికి వచ్చేసింది, టెన్షన్‌గా ఉంది.


గ్రౌండ్ మాస్టారు:

అమ్మా, నేను స్కూల్లో ఆటల మాస్టారుగా (పీఈటీ) చేసి రిటైరయ్యాను. పొద్దున్నే పోర్టు స్టేడియం వైపు వెళ్లకపోతే ఇప్పటికీ తోచదు. ఇలాంటి కార్యక్రమాలకు ఆటగాళ్లను ఒప్పించి తీసుకొచ్చే పని చాలా ఏళ్లు నా నెత్తినే పడేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు డబ్బు సంగతి. మీ పిల్లల లెక్కే తీసుకుందాం. నలభై మంది, తలకి రోజుకి పాతిక రూపాయలు, నెలకి పాతిక రోజులు. అంటే నెలకి 25,000, ఏడాదికి 3 లక్షలు. ఒక కాగితం మీద ఈ లెక్క, పక్కనే ఈవెంట్ మేనేజర్ చెప్పిన అంకె రాసి కమిటీ ముందు పెట్టండి. వేరే వాదన అక్కర్లేదు. అలాగని అందరూ ఊరికే రావాలని నేను అనను. ఆటగాడికి ఆటే బతుకు, ఆ వయసు కూడా నాలుగు రోజులదే. దారి ఖర్చులు, బస, కారు మనం పెట్టుకోవాలి, అది మర్యాద. ఆ పైన ఫీజు అడిగితే దాన్ని ఒక స్పాన్సర్ విడిగా భరించాలి కానీ పిల్లల గుడ్ల డబ్బులోంచి ఒక్క రూపాయి కూడా తీయకూడదు.

పేరున్న మనిషి వస్తే జనం వస్తారు, నిజమే. మన ఊరి క్రికెటర్ నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో 114 కొట్టినప్పుడు ఈ ఊరంతా పండగ చేసుకుంది, నేనూ చేసుకున్నాను. కానీ ఒక్కటి గమనించండి. చాలా ఏళ్ల కిందట ఇక్కడే ఒక హాల్లో ఇలాంటి పోటీకి పెద్ద పేరున్న ఆటగాడు వచ్చాడు. హాలు కిక్కిరిసిపోయింది. ఆయన రెండు ముక్కలు మాట్లాడి, ఫొటోలు దిగి వెళ్లిపోయాడు. ఆయన వెనకే జనమూ వెళ్లిపోయారు. తెల్లవారుజామున లేచి పనసకాయ పొట్టు కొట్టి, ఆవ పెట్టి కూర చేసి తెచ్చిన ఒక పెద్దావిడ గిన్నె మూత తీయకుండానే ఇంటికి పట్టుకెళ్లింది. ఆవిడకి ఎవరూ సర్దిచెప్పలేకపోయాం. తప్పు ఆ ఆటగాడిది కాదు. ఆయన్ని ఏం చేయమనాలో పిలిచినవాళ్లు చెప్పలేదు.

ఇంకో ఏడు జరిగింది చెబుతాను. మన ఉత్తరాంధ్ర వెయిట్‌లిఫ్టింగ్‌కి పుట్టిల్లు కదా. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారత మహిళ ఆవిడే. విజయనగరం పక్కన కొండవెలగాడ అనే ఊళ్లో ఇంటింటికీ లిఫ్టర్ల కథ ఉంటుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. ఆ ఏడు నేను పిలిచిన లిఫ్టర్‌కి అంత పేరు లేదు. జాతీయ స్థాయిలో ఎత్తింది, తర్వాత ఉద్యోగంలో చేరింది. "మాస్టారూ, స్టేజీ మీద ఏం మాట్లాడాలి, నాకు రాదు" అంది. "నువ్వేం తినేదానివో అది చెప్పమ్మా, చాలు" అన్నాను.

మైకు పట్టుకుని బరువు చూసే రోజు సంగతి ఎత్తుకుంది. పోటీకి రెండు గంటల ముందు బరువు చూడడం మొదలుపెడతారు. ఒక కేటగిరీలో ఉండాలంటే ముల్లు ఆ అంకె దాటకూడదు. అందుకని ముందు రోజు నుంచే ఉప్పు మానేసేదట, నీళ్లు గొంతు తడపడానికే. నాలుక పిడచకట్టుకుపోయి, పక్క గదిలో ఎవరో వేరుశనగలు వేయిస్తుంటే ఆ వాసనకి ఏడుపొచ్చేదట. బరువు సరిపోయిందని సంతకం పెట్టగానే అక్కడే నేల మీద కూర్చుని అమ్మ కట్టిచ్చిన డబ్బా తెరిచేది. పెరుగన్నం, ఆవకాయ ముక్క. "ఆ ఉప్పు నాలుక్కి తగిలితే ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టుండేది, ఇప్పటికీ అన్నంలో ఉప్పు కలిపేటప్పుడు గుర్తొస్తుంది" అంది. హాలంతా వంట చేసే ఆడవాళ్లే కదా, ఒక్కరు కదల్లేదు. తర్వాత ఆవిడ బల్లల దగ్గరికి వెళ్లి ప్రతి ఒక్కరినీ "దీంట్లో ఉప్పు ఎప్పుడు వేశారు, ముందా దించేముందా" అని అడుగుతూ నడిచింది. వంటకత్తెలు ఎంత మురిసిపోయారో! పతకాలు ఎన్నో ఎవరూ అడగలేదు. జనం భోజనాలయ్యేదాకా ఉన్నారు, హుండీ నిండింది.

కాబట్టి అతిథికి విషయం మీరే ఇవ్వండి. ఊరికే "పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పండి" అంటే కష్టపడితే ఫలితం వస్తుందని చెప్పి దిగిపోతారు, పాపం వాళ్లు మాత్రం ఏం చేస్తారు! వాళ్ల తిండి గురించి అడగండి. హాస్టల్లో ఏం పెట్టేవారు, ఇంట్లో ఎవరు తమ వాటా తగ్గించుకుని వీళ్లకు పెట్టారు, పోటీకి వేరే దేశం వెళ్తే ఏం దొరక్క ఇబ్బందిపడ్డారు. రియోలో సింధు రజతం గెలిచాక, పోటీల కోసం ఐస్‌క్రీమ్ మానేసిందన్న సంగతి తెలిసి దేశమంతా మాట్లాడుకుంది. తిండి మాట అంత దగ్గరగా తగులుతుంది. జ్యోతి యర్రాజీ సంగతి మీరన్నారు. నాన్న సెక్యూరిటీ గార్డు, అమ్మ ఇళ్లలోనూ ఆస్పత్రిలోనూ పనిచేసింది. ఆ అమ్మాయి 2023లో బ్యాంకాక్‌లో 13.09 సెకన్లకి 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం తెచ్చింది, 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పరిగెత్తింది. మీ గ్రౌండ్ పిల్లలకు ఆమె కథ సొంతింటి కథే. కానీ ఆడుతున్నవాళ్లకు క్యాంపులుంటాయి, తేదీలు కుదరవు. కుదరకపోతే చిన్నబుచ్చుకోకండి. రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో రైల్వేలో, పోర్టులో, పోలీసుల్లో ఎంతోమంది ఉన్నారు, వాళ్లను పిలిచేవాళ్లే లేరు.

పది నిమిషాలు చాలు, వడ్డనకు ముందు. వడ్డన మొదలయ్యాక ఎవరు మాట్లాడినా గరిటెల చప్పుడే వినిపిస్తుంది. విరాళం అడిగే పని మాత్రం అతిథికి అప్పగించకండి, అది కమిటీ పని. "ఒక పిల్లకి ఒక నెల: 625 రూపాయలు" అని పెద్ద అక్షరాలతో బోర్డు రాసి గేటు దగ్గర పెట్టండి. జడ్జీలుగా బాగా వండేవాళ్లను పెట్టండి. బహుమతి మాత్రం అతిథి చేత ఇప్పించండి.


ఒకప్పటి హర్డ్లర్:

మాస్టారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. ప్రస్తుతం పోటీల్లో ఉన్న అమ్మాయినో అబ్బాయినో పిలిస్తే దయచేసి "ఒక్క ముద్ద, మా మాట కాదనకు" అని బలవంతపెట్టకండి. మనకది ప్రేమ, వాళ్లకు భయం. డోపింగ్ పరీక్షలో ఏం తేలినా బాధ్యత తిన్నవాళ్లదే, ఎవరు పెట్టారన్నది తర్వాతి మాట. మన మసాలాలో పడే గసగసాలే చూడండి. వాటిలో మార్ఫిన్ అనే మత్తుమందు ఆనవాళ్లు ఉంటాయి, మూత్ర పరీక్షలో కనిపించే అవకాశం ఉంది. మార్ఫిన్ మీద నిషేధం పోటీ సమయానికే, అంటే ముందురోజు రాత్రి 11:59 నుంచి. అయినా పోటీ దగ్గర్లో ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లరు. వంటల పోటీ అంటే మసాలా కూరలు, కుర్మాలు ఎలాగూ ఉంటాయి కదా. ప్రతి గిన్నె ముందు అందులో ఏమేం వేశారో చిన్న చీటీ మీద రాసిపెట్టించండి. అలర్జీలు ఉన్నవాళ్లకూ పనికొస్తుంది.

ఇంకో సంగతి. డోపింగ్ పరీక్షల జాబితాలో ఉన్న అథ్లెట్లు రోజూ ఒక గంట ఎక్కడ ఉంటారో ముందే రాసివ్వాలి. ఆ గంటలో పరీక్షకు వచ్చినవాళ్లకు దొరక్కపోతే తప్పిపోయినట్టు లెక్క. వివరాలు ఇవ్వకపోయినా అంతే. ఏడాదిలో మూడుసార్లు అలా జరిగితే నిషేధం దాకా వెళ్తుంది. అందుకే మీ కార్యక్రమం టైము చెప్పి తర్వాత సాగదీయకండి. నా రోజుల్లో పదకొండింటికి అని పిలిచి రెండింటిదాకా కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లున్నారు. వెళ్తానంటే పొగరనేవారు. ఆ మాట పడడం చాలా బాధగా ఉండేది.


లెక్కల మనిషి:

డబ్బు సైడు చూసుకోండి మేడమ్. మీ అపార్ట్‌మెంట్ సంఘం పేరుతో రసీదు ఇస్తే దాతకు పన్ను రాయితీ రాదు. ఆ పన్ను రాయితీ (80జీ అంటుంటారు) అనుమతి ఉన్న ట్రస్టు ఏదైనా పిల్లల కోసం పనిచేస్తుంటే విరాళాలు నేరుగా వాళ్ల ఖాతాకే వెళ్లేలా క్యూఆర్ కోడ్ పెట్టండి. నగదుగా 2,000 దాటి ఇస్తే ఆ రాయితీ వర్తించదు, చెక్కో యూపీఐనో చేయమనండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఎలాగూ ఈ రాయితీ లేదు, లేనిపోని ఆశ పెట్టకండి. భోజనం టోకెన్ డబ్బు, విరాళం డబ్బు రెండూ ఒకే డబ్బాలో వేయొద్దు. భోజనానికి ఇచ్చింది భోజనానికే, అది విరాళం కాదు. కార్యక్రమం అయిన వారంలో జమాఖర్చులు కాగితం మీద రాసి లిఫ్టు పక్కన అంటించండి. వచ్చే ఏడు అడగకుండానే ఇస్తారు.


గాజువాక నుంచి మినియాపోలిస్:

మాది గాజువాక, ఇప్పుడు అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంటున్నాను. ఈ ఊళ్లోనే 1992లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ (ఎన్ఎఫ్ఎల్) ఫైనల్ సూపర్ బౌల్ జరిగినప్పుడు ఆకలి బాధ తగ్గించే సంస్థల కోసం టేస్ట్ ఆఫ్ ది ఎన్ఎఫ్ఎల్ అనే విందు మొదలుపెట్టారు. ఫుట్‌బాల్ జట్లున్న ఊళ్ల నుంచి ఒక్కో చెఫ్ వచ్చేవాడు, ఆ జట్టుకు ఆడినవాడు ఒకడు పక్కనే నిలబడేవాడు. జనం ప్లేటు పట్టుకుని ఒక్కో బల్ల దగ్గర ఆగుతూ వెళ్లేవారు, తింటూ ఆటగాడితో మాట్లాడేవారు. నాకు ఆ పద్ధతి బాగా నచ్చింది. మీరూ అలా చేయొచ్చు. పది నిమిషాల మాట అయ్యాక అతిథిని స్టేజీ మీద పెద్ద కుర్చీలో కూర్చోబెట్టకుండా బల్లల మధ్యకు తీసుకురండి. గ్రౌండ్ పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని వెంట ఉంచండి. ఎవరి కోసం డబ్బిస్తున్నారో దాతలకు ఎదురుగా కనిపిస్తుంది.


గ్రౌండ్ మాస్టారు:

బాబూ, సలహా బాగుంది. పిల్లలను వెంట ఉంచండి, కానీ స్టేజీ మీద వరసగా నిలబెట్టి "వీళ్లు పేదపిల్లలు" అని మాత్రం చెప్పకండి. ఆ మాటకి తల వంచుకునే పిల్లలను నేను చూశాను. వాళ్లను అథ్లెట్లని పరిచయం చేయండి. ఫలానా అమ్మాయి 200 మీటర్లు పరిగెడుతుంది, ఈ అబ్బాయి లాంగ్‌జంప్ అని. అందరితో పాటు వాళ్లకూ భోజనం టోకెన్లు ఇవ్వండి, అదే బల్ల మీద తింటారు.


ఎంవీపీ గృహిణి:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మాస్టారూ, మీరు చెప్పినట్టే లెక్క రెండు వరసల్లో రాసి మీటింగ్‌లో పెట్టాను. క్రికెటర్ కావాలన్నవాళ్లే ముందు వద్దన్నారు. రైల్వేలో పనిచేసే ఒక మహిళా వెయిట్‌లిఫ్టర్‌ని అడిగాం, సంతోషంగా ఒప్పుకున్నారు. బీచ్ రోడ్డులో ఆరుబయట పెడదామనుకున్నాం కానీ సముద్రపు గాలికి స్టవ్‌లు నిలవవని కేటరింగ్ అబ్బాయి చెప్పాడు, కమ్యూనిటీ హాలుకే మార్చాం. చీటీలు, బోర్డు, క్యూఆర్ కోడ్ అన్నీ చేస్తాం. ఆఖరి ప్రశ్న: సన్మానం ఎలా చేయాలి? పెద్ద మెమెంటో కొందామని ఒకరు, వద్దని ఒకరు.


గ్రౌండ్ మాస్టారు:

శాలువా ఒక్కటి చాలమ్మా, అదీ మీ గ్రౌండ్ పిల్లల్లో అందరికంటే చిన్నదాని చేత కప్పించండి. కమిటీలో పదిమంది పది శాలువాలు కప్పితే ఆ పావుగంట జనం లేచి వెళ్లిపోతారు. మెమెంటోల డబ్బుతో ఒకళ్లిద్దరు పిల్లలకు స్పైక్స్, అంటే పరుగు బూట్లు వస్తాయి. గెలిచిన వంటలు రెండు మూడు డబ్బాల్లో పెట్టి ఆవిడకి ఇచ్చి పంపండి, ఇంట్లోవాళ్లూ తింటారు. కారు మాట మర్చిపోవద్దు. చాలామంది తీసుకొచ్చేటప్పుడు పంపి, తిరిగి వెళ్లేటప్పుడు ఆటో చూసుకోమంటారు. ఫొటోలు మర్నాడే ఆవిడకి వాట్సాప్ చేయండి. మైకు సెట్ కావాలంటే మా పాత స్కూల్ వాళ్లను అడిగి పెడతాను, తేదీ ఖాయం కాగానే చెప్పండి.