తిరుపతిలో 40 అంకణాల జాగా: ప్లాన్‌కు పెట్టే ముందు ఏమేం చూసుకోవాలి?

తూర్పువాకిలి:
కార్పొరేషన్‌లో కలిసిన శివారులో 40 అంకణాల జాగా ఉంది. తూర్పు ముఖం, వీధి వైపు 30 అడుగులు, లోపలికి 48. ముందర 20 అడుగుల మట్టి రోడ్డు. రిజిస్ట్రేషన్ అయింది, ఈసీ (జాగా మీద జరిగిన లావాదేవీల పత్రం) బాగానే ఉంది. దస్తావేజులో లేఅవుట్ నంబరు మాత్రం ఎక్కడా కనబడలేదు. జీ ప్లస్ 1 కట్టాలి. చుట్టూ రెండడుగులు వదిలితే చాలని మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా?

కొలతబద్ద:
కాదన్నా. మన తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు కాబట్టి మీది 1,440 అడుగులు, 160 గజాలు, సుమారు 134 చదరపు మీటర్లు. (నెల్లూరు అంకణం 72 అడుగులు. బయటి ఇంజనీరుకు గజాల్లోనే చెప్పండి.) 2017 భవన నిర్మాణ నియమాల పట్టికలో 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటుకు, 10 మీటర్ల ఎత్తు వరకు, ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా మీటరు చొప్పున వదలాలి. మీటరంటే మూడడుగుల మూడంగుళాలకు కాస్త ఎక్కువే. ఈ నియమాలకు సవరణలు వస్తుంటాయి, ప్లాన్ గీసే రోజు ఎల్‌టీపీతో (ప్లాన్ గీసే లైసెన్సున్న ఇంజనీరు) తాజా పట్టిక చూపించుకోండి.

అసలు దెబ్బ ఇలా చుట్టూ వదిలే జాగా (సెట్‌బ్యాక్)తో కాదు, రోడ్డుతో. ఆ వీధి మాస్టర్ ప్లాన్‌లో 30 అడుగులని ఉంటే రోడ్డు మధ్యగీత నుంచి 15 కొలుస్తారు. మీ వైపు ఐదడుగులు రోడ్డుకే పోయి, సెట్‌బ్యాక్ ఆ కొత్త గీత దగ్గర మొదలవుతుంది. 48 కాస్తా 43. ఇల్లు వచ్చే చోటు 933 చదరపు అడుగుల నుంచి 816కు దిగుతుంది, ఒక పడకగది పోయినట్టే. రోడ్డుకు వదిలిన జాగాకు టీడీఆర్ (బదులుగా ఇచ్చే, అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు) గానీ, సెట్‌బ్యాక్‌లో సడలింపు గానీ కాగితం మీద అడగండి. మొదట మాస్టర్ ప్లాన్ రోడ్డు వెడల్పు తెలుసుకుని, తర్వాతే గదుల సంగతి.

డీకేటీ_గోల:
లేఅవుట్ నంబరు లేదంటే అనధికార లేఅవుట్ అనుకునే నడవండి. రిజిస్ట్రేషన్ వేరు, అనుమతి వేరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో లేఅవుట్ చూడలేదని టౌన్ ప్లానింగ్ వాళ్లు వదిలిపెట్టరు. ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) కింద క్రమబద్ధీకరించుకోవాలి. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకపోతే ప్లాటు విలువలో కొంత శాతం ఓపెన్ స్పేస్ చార్జీ పడుతుంది, దానిపైన మిగతా రుసుములు. ఈ స్కీము ఎప్పుడూ తెరిచి ఉండదు. గడువు, ఏ తేదీలోపు కొన్న ప్లాట్లకు వర్తిస్తుందన్నది జీవోలో చూసుకోండి.

అంతకన్నా ముందు సర్వే నంబరు 22ఏ (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల) జాబితాలో ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో చూడండి. మన జిల్లాలో డీకేటీ పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన) భూములు, దేవస్థానం, మఠం భూములు చేతులు మారి ప్లాట్లయినవి ఉన్నాయి. ఈసీ బాగుందంటే లావాదేవీలు బాగున్నాయని మాత్రమే అర్థం, భూమి ఎవరిదన్నది అడంగల్ (రెవెన్యూ భూమి రికార్డు), లింకు దస్తావేజులు (పాత యజమానుల దస్తావేజులు) చెబుతాయి.

ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు కూడా తీసుకోండి. పక్కన వాగు గీత కనిపిస్తే, దాని వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు వదలాలి. ఎండాకాలం చూస్తే కంపచెట్ల గుంతలా ఉంటుంది. 2021 నవంబరు వరదలో తిరుపతి శివార్లు ఎలా మునిగాయో ఊరంతా చూసింది.

తూర్పువాకిలి:
22ఏ చూశాను, లేదు. పునాది తీసేసి ప్లాన్ తర్వాత పెట్టొచ్చా? ముహూర్తం దగ్గరపడింది.

కొలతబద్ద:
ముహూర్తానికి శంకుస్థాపన చేసి ఆగండి. అనుమతి లేకుండా లేపితే ఆస్తి పన్ను మీద జరిమానా ఏటా పడుతుంది, బ్యాంకు లోను కూడా కదలదు. దరఖాస్తుతో పాటు ఖాళీ స్థలం పన్ను బాకీ తీర్చిన రసీదు ఉండాలి. ఇల్లు ఖర్చు నియమంలో ఉన్న పరిమితి దాటితే కార్మిక సెస్సు కూడా.

ఇంకోటి, అనుమతి వచ్చాక ముగ్గు పోసేప్పుడు జరిగే తప్పు. మేస్త్రీ మూడడుగుల మూడంగుళాలు పిల్లర్ మధ్యకు కొలుస్తాడు. తొమ్మిదంగుళాల గోడలో సగం, అంటే నాలుగున్నర అంగుళాలు బయటికి వస్తుంది, బయటి పూత ముప్పావు అంగుళం. మొత్తం ఐదంగుళాల పైచిలుకు సెట్‌బ్యాక్‌లోకి జరిగిపోతుంది. పూత పడ్డాక గోడ బయటి ముఖం ఎక్కడుంటుందో అక్కడి నుంచి హద్దుకు దారం లాగించి కొలిపించండి.