సోలార్ ప్లాంటు కంచె వంకకు అడ్డం పడింది, ఎవరికి రాయాలి?

అనంతపురం జిల్లాలో మాది చిన్న పల్లె. ఊరి పడమర 200 ఎకరాలకు పైగా పట్టా భూములను సోలార్ కంపెనీ లీజుకు తీసుకుంది. మాకు ప్లాంటుతో గొడవేం లేదు. కానీ కంచె వంకకు (వాననీళ్లు పారే వాగుకు) అడ్డంగా వేశారు, అదే సమస్య. ఎఫ్ఎంబీలో (సర్వే కొలతల పుస్తకంలో) ఆ వంక పోరంబోకుగా స్పష్టంగా ఉంది.

జూన్‌లో మట్టి పోసి, స్తంభాలు పాతారు. ఆగస్టు రెండో వారం వానకు చెత్తంతా మెష్‌కు అట్టలా పట్టుకుంది. నీళ్లు వెనక్కి తన్ని నా మూడెకరాల వేరుశనగలో రెండు రోజులు మోకాలి లోతు నిలిచాయి. కాయ మొలకెత్తింది.

చేసినవి: పంచాయతీ కార్యదర్శికి అర్జీ ఇస్తే "అనుమతి పైనుంచి వచ్చింది, మా చేతుల్లో లేదు" అన్నారు. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తే మండలానికి పంపారు. సర్వేయర్ వచ్చి కొలిచి వెళ్లాడు, రిపోర్టు రాలేదు. పంచాయతీ అనుమతి కాపీ కోసం ఆర్టీఐ వేసి 41 రోజులైంది, జవాబు లేదు (30 రోజుల్లో ఇవ్వాలి కదా, మొదటి అప్పీల్ రాస్తున్నా). సోలార్‌కు 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి అక్కర్లేదట, కాబట్టి ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరగలేదు.

వచ్చే గ్రామసభలో తీర్మానం పెట్టిద్దామని సర్పంచ్ ఒప్పుకున్నారు. అది ఉత్త కాగితంగా మిగలకూడదని నా టెన్షన్.

ఇలాంటి కంచెను మీ ఊళ్లో తీయించినవాళ్లు ఉంటే చెప్పండి: వంక పోరంబోకులోని అడ్డు తీయమని ఆర్డర్ ఇచ్చింది పంచాయతీనా, తహసీల్దారా, ఇరిగేషన్ వాళ్లా?