మంచి ఫోటోకు సాంకేతిక నైపుణ్యం ఎంతవరకు అవసరం?

ప్రశ్న (గుంటూరు నుండి)
ఇంతకాలం ఫోన్‌తోనే ఫోటోలు తీసిన నేను ఇటీవల ఒక పాత డీఎస్ఎల్ఆర్ కెమెరా కొన్నాను. మాన్యువల్ మోడ్ (సెట్టింగులన్నీ మనమే ఎంచుకునే పద్ధతి) పట్టుబడితే తప్ప మంచి ఫోటో రాదని కొందరు మిత్రులు అంటుంటే, చూసే కన్ను ఉంటే మిగిలినదంతా కెమెరాయే చూసుకుంటుందని మరికొందరు అంటున్నారు. రెండవ పక్షం వారు 19వ శతాబ్దపు బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్‌ను ఉదహరిస్తారు. 1863లో, 48 ఏళ్ల వయసులో, కూతురు కానుకగా ఇచ్చిన కెమెరాతో పని మొదలుపెట్టిన ఆమె చిత్రాలలో ఫోకస్ సరిగా లేదని నాటి విమర్శకులు తప్పుపట్టినా, అవి నేటికీ నిలిచి ఉన్నాయి కదా! షట్టర్ స్పీడ్ (వెలుగు లోపలికి వచ్చే సమయం), ఎపర్చర్ (లెన్స్ రంధ్రం పరిమాణం) లెక్కలు నేర్చుకోవడానికి నిజంగా సమయం వెచ్చించాలా?

జవాబు (విజయవాడ)
ఆ ఉదాహరణ మీ మిత్రుల వాదనకు ఎదురు తిరుగుతుందండీ. నాటి తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు ద్రావణాన్ని సమంగా పూసి, వెండి లవణంలో ముంచి, అది ఆరిపోకముందే ఫోటో తీసి డెవలప్ చేయవలసి ఉండేది. అంత పని చేతికి వచ్చిన మనిషి ఫోకస్‌ను మెత్తగా వదిలిందంటే దానిని చేతకానితనం అనలేము.

జవాబు (గుంటూరు)
మన ఊరి సంగతే చూడండి. ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో తెల్లని కొంగ ముదురు ఆకుల ముందు వాలితే, దృశ్యమంతటినీ సగటు బూడిద రంగుకు తేవాలని చూసే కెమెరా మీటరు వెలుగు పెంచేస్తుంది. రెక్కలపై ఈకల గీతలన్నీ తెల్లగా మాసిపోతాయి. అదే పక్షి ఆకాశంలోకి లేస్తే నల్లటి నీడలా పడుతుంది. కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఇంకా మోసం చేస్తుంది: మొత్తం హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగునీడల పంపిణీని చూపే రేఖాచిత్రం) బాగానే కనిపిస్తుంది కానీ ఎరుపు ఛానల్ ఒక్కటే పరిమితి దాటి, కాయల మడతలు పోయి ఎర్రని ముద్ద మిగులుతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా ఎంచిన వెలుగును పెంచే లేదా తగ్గించే అమరిక) ఎటు తిప్పాలో తెలియని వారికి అక్కడ కన్ను ఎంత ఉన్నా లాభం లేదు.

జవాబు (విజయవాడ, పెళ్లి ఫోటోలు తీసేవారు)
అంగీకరిస్తాను, కానీ సగమే. లెక్క తప్పని ఫోటోలతో నిండిన ఆల్బములు నా దగ్గరే బోలెడు ఉన్నాయి. రెండవసారి ఎవరూ తెరవరు. తలంబ్రాల సమయంలో పెళ్లికూతురి తల్లి ముఖం కనిపించేలా ఎక్కడ నిలబడాలో ఏ మోడూ చెప్పదు.

ప్రశ్నించినవారు
అయితే ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు (విజయవాడ)
మాన్యువల్ మోడ్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఎపర్చర్ ప్రయారిటీలో (ఎపర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకునే పద్ధతి) ఉండవల్లి గుహలకు వెళ్లండి. లోపలి చీకటికీ స్తంభాల అవతలి ఎండకూ మధ్య వ్యత్యాసం ఎంత ఎక్కువంటే, శయనించిన అనంతపద్మనాభుడు కావాలో, బయటి పొలాలు కావాలో మీరే తేల్చుకోవాలి. ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ వారి అనుమతి అవసరం కనుక ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచి, మోచేతులను ఒంటికి ఆనించి తీయండి.